ఆ మెట్ల బొమ్మ చింపి పారేయండి!

ఒక చదరపు మీటరులో ఎన్ని చదరపు సెంటీమీటర్లు? "వంద" అన్నారా? దొరికిపోయారు! మా అక్క కొడుకూ అదే రాశాడు. ఏడో తరగతి, పైగా లెక్కల్లో క్లాసు ఫస్టు!

పోయిన వీడియోలో "కిలో, హెక్టా, డెకా" (అంటే వెయ్యి, వంద, పది రెట్లు) బట్టీ ఆపండి అన్నందుకు ఎన్ని తిట్లు తిట్టారండీ బాబూ! "మేమంతా అలా చదువుకునే పైకొచ్చాం" అట. అయ్యా, పైకొచ్చినవాళ్లు పై ప్రశ్నకి జవాబు చెప్పండి మరి.

మళ్లీ అంటున్నా. క్లాసు గోడ మీద మెట్ల బొమ్మ ఉంటుంది చూడండి, పైన కిలోమీటరు, అడుగున మిల్లీమీటరు, ఒక్కో మెట్టు దిగితే ఒక్కో సున్నా. దొంగ అదే! పొడవుల వరకూ పనిచేస్తుంది, కాదనను. కానీ "మెట్టుకో సున్నా" అని పిల్లాడి బుర్రలో మేకులా దిగిపోతుంది. ఇక ఊడదు.

మావాడి చేత హాల్లో నేల మీద సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీయించా. ఒక అంచు వెంట సెంటీమీటరు గడులు ఎన్ని పడతాయిరా? వంద. అలాంటి వరసలు? వంద... కాసేపు నోట మాట లేదు.

"మామయ్యా, పదివేలు! మరి మెట్లు రెండే కదా, నాలుగు సున్నాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

ఇదీ ప్రశ్నంటే! పొడవుకి రెండు, వెడల్పుకి రెండు. ఘనపు మీటరైతే ఎత్తుకి ఇంకో రెండు. పది లక్షలు!

అన్నట్టు, ఈ డెకా, హెక్టా మనలో ఎవరైనా వాడారా? ఆస్ట్రియాలో కొట్టుకెళ్లి "పది డెకా ఇవ్వు" అంటారు, వంద గ్రాములన్నమాట. ఇటలీలో ఆ వంద గ్రాములే "ఎట్టో", అంటే మన హెక్టానే. మనకి పావుకిలో పచ్చిమిర్చి చాలు. మన రోజువారీ మాటల్లో హెక్టా పాపం ఒక్క హెక్టారులో బతికుంది.

పెద్దోళ్లు నవ్వకండి. మెట్రిక్ చట్టం 1956లో వచ్చింది, మనం ఇప్పటికీ ప్లాటు కొనేది గజాల్లోనే. రెండొందల గజాలంటే ఎన్ని చదరపు మీటర్లు? సుమారు 167. ఫోన్ తియ్యకుండా ఎంతమంది చెప్పారు?

తర్వాత మావాణ్ణి డాబా ఎక్కించా. వెయ్యి లీటర్ల ట్యాంకు, అంటే సరిగ్గా ఒక ఘనపు మీటరు. నిండా నీళ్లుంటే ఆ నీళ్ల బరువెంతరా? "వంద కిలోలు" అన్నాడు. లీటరు నీళ్లు దాదాపు కిలో, మళ్లీ లెక్కెయ్యి అన్నా. వేశాడు. టన్ను! మెల్లిగా కిందికి దిగొచ్చి, ట్యాంకు కింద గదిలో ఉన్న తన పడక పక్క గదికి మార్చేసుకున్నాడు.