తీర్పు చదివాక వచ్చే కోపం

అందరికీ నమస్కారం.

పోలీసుల మీద అత్యాచారం కేసు నడిచి, చివరికి వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చినప్పుడు జనం ఏం చేస్తున్నారు, ఏం చేస్తే బాగుంటుంది అన్నది ఈరోజు మాట్లాడుకుందాం. మామూలు కేసుకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఆరోపణ ఏ శాఖ మీదో, ఫిర్యాదు రాసుకునేది ఆ శాఖే. బాధితురాలిని వైద్య పరీక్షకు పంపేదీ, సాక్షుల వాంగ్మూలాలు తీసుకునేదీ, ఛార్జిషీటు వేసేదీ వాళ్ళే. కేసు జడ్జి ముందుకు వచ్చేసరికే దాని బలం ఎంతో తేలిపోయి ఉంటుంది. అందుకని కొట్టేసిన రోజు జనానికి కోపం రావడంలో వింత లేదు. ఆ కోపం ఎటు పోతోందన్నదే నన్ను బాధపెడుతున్న విషయం.

వాకపల్లి సంగతి మీలో చాలామందికి తెలుసు. తెలియని కుర్రాళ్ళ కోసం చెబుతాను. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో, జి.మాడుగుల మండలంలోని ఆ ఊరికి మావోయిస్టుల కోసం పెట్టిన ప్రత్యేక పోలీసులు, గ్రేహౌండ్స్ బలగాలు, కూంబింగ్‌కి, అంటే గాలింపుకి వెళ్ళాయి. తమ మీద అత్యాచారం చేశారని కోందు తెగకు చెందిన 11 మంది ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. 13 మంది పోలీసుల మీద విచారణ జరగాల్సిందేనని హైకోర్టు చెప్పడానికి 2012 వచ్చింది. ఆరు నెలల్లో ముగించమని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తీర్పు 2023 ఏప్రిల్ 6న వచ్చింది. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. అప్పటికే ఫిర్యాదు చేసిన వాళ్ళలో ఇద్దరు చనిపోయారు.

మన వాళ్ళు చాలామంది ఇక్కడితో వినడం ఆపేశారు. కానీ ఆ తీర్పులో ఇంకా ఉంది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని కోర్టు చెప్పింది. ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమంది. దర్యాప్తు చేసిన ఒక అధికారి వైఫల్యాన్ని ప్రభుత్వ కమిటీ ముందు పెట్టమంది. పరిహారం ఇమ్మన్నారంటే కోర్టు వాళ్ళ మాటను అబద్ధమని అనుకోలేదనే కదా అని మానవ హక్కుల వేదిక వాళ్ళు అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవిస్తాను. నిందితులను వరసలో నిలబెట్టి గుర్తుపట్టించే పరేడ్ కూడా జరపకుండా, పదిహేనేళ్ళ తర్వాత బోనులో ఉన్నవాళ్ళలో ఎవరు ఏం చేశారో చెప్పమంటే ఏ మనిషి చెప్పగలదు?

దీనికి జనం స్పందన ఏమిటి? హక్కుల సంఘాలు, మహిళా సంఘాలు, గిరిజన సంఘాలు ప్రకటనలిచ్చాయి. అంతకు మించి మన ఊళ్ళల్లో, కాలేజీల్లో పెద్దగా కదలిక లేదు. అంతకు మూడేళ్ళ పైచిలుకు ముందు, 2019 డిసెంబర్ 6న, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అని పిలిచిన యువతి అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు మాత్రం జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. స్వీట్లు పంచుకున్నారు. ఆ ఎన్‌కౌంటర్ కథ నమ్మదగ్గది కాదనీ, చంపాలనే కాల్చారనీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆడపిల్లకు న్యాయం కావాలనే జనమే రెండు చోట్లా ఉన్నారు. మరి ఒకచోట పోలీసు తుపాకీకి పూలెందుకు పడ్డాయి, ఇంకోచోట పోలీసు మీద ఫిర్యాదు చేసిన గిరిజన స్త్రీకి మౌనమే ఎందుకు దక్కింది? ఆ ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో వాళ్ళని మనకు అనిపించలేదు. నాకు కనిపించే కారణం అదొక్కటే, చెప్పడానికి కష్టంగా ఉన్నా.

మన దగ్గర ఎప్పుడూ ఇలాగే లేదు. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం మహిళ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త రిక్షా తొక్కుకునే మనిషి. పోలీసులు కొట్టిన దెబ్బలకు చనిపోయాడు. జనం వేలల్లో రోడ్డెక్కారు. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదనంతా ఆమె నడవడిక మీదే నడిచింది. ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుంది, ఎలా బతికింది, ఇవే ప్రశ్నలు. అయినా కమిషన్ పోలీసులదే తప్పని చెప్పింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అక్కడి కోర్టు నిందితులను వదిలేసింది. చావు జరిగిన వారం ఊరంతా ఉంది. మూడేళ్ళ తర్వాత, పరాయి ఊళ్ళో తీర్పు వచ్చిన రోజుకి పట్టు వదలకుండా మిగిలింది కొద్దిమంది మహిళా సంఘాల వాళ్ళే. మొదటి వారం కోపం తీర్పుదాకా నిలవకపోతే ఏమవుతుందో ఆ కేసు చెబుతుంది.

అదే కాలంలో ఇంకో కేసు నడిచింది. చాలామంది ఇప్పటికీ దాన్ని ఆ అమ్మాయి పేరుతోనే పిలుస్తారు. నేను తుకారాం కేసు అంటాను, పేరు మోయాల్సింది నిందితుడు కాబట్టి. 1972లో మహారాష్ట్ర దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో పదహారేళ్ళు కూడా సరిగ్గా నిండని ఒక ఆదివాసీ అమ్మాయి. నిందితులు ఇద్దరు పోలీసులు. సెషన్స్ కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది, 1978 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్ళీ వదిలేసింది. ఒంటి మీద గాయాల్లేవు, కేకలు వేశానన్న మాట నమ్మలేం, కాబట్టి బలవంతం జరగలేదన్నది ఆ తీర్పు సారాంశం. రాత్రిపూట, స్టేషన్‌లో, ఇంట్లోవాళ్ళు బయట నిలబడి ఉంటే, ఖాకీ బట్టల్లో ఉన్న మనిషి ముందు ఆ పిల్ల ఎదురు తిరగలేదంటే దాని అర్థం ఒప్పుకుందనా? భయపడి ఊరుకోవడం వేరు, ఇష్టపడటం వేరు అని హైకోర్టు గుర్తించింది. పై కోర్టు గుర్తించలేదు.

నా దృష్టిలో ముఖ్యమైన సంగతి ఆ తర్వాత జరిగింది. తీర్పు వచ్చిన ఏడాది వరకు ఎవరూ మాట్లాడలేదు. 1979 సెప్టెంబర్‌లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగమ్‌వార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. వాళ్ళు ఆ తీర్పును వరస వరసా చదివారు. ఎక్కడ న్యాయం తప్పిందో వేలు పెట్టి చూపించారు. ఆ ఉత్తరం చదివాకే 1980 మార్చి 8న చాలా నగరాల్లో ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. ఆ ఇద్దరు పోలీసులకు మళ్ళీ శిక్ష పడలేదు, అది నిజం. కానీ 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారానికి కనీసం పదేళ్ళ శిక్ష పెట్టారు. సంభోగం జరిగిందని రుజువైతే, నేను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలని రాశారు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. ఇవాళ్టి కొత్త చట్టాల్లోనూ ఇవి ఉన్నాయి.

ఇది మన దేశానికే పరిమితమైన బాధ కాదు. న్యూయార్క్‌లో 2008లో తాగి ఉన్న ఒక మహిళను ఇల్లు చేర్చిన ఇద్దరు పోలీసులు అదే రాత్రి ఆ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం కెమెరాల్లో రికార్డయింది. 2011 మేలో జ్యూరీ అత్యాచారం ఆరోపణను కొట్టేసింది, అధికార దుర్వినియోగం మాత్రం రుజువైందని చెప్పింది. అదే రోజు వాళ్ళ ఉద్యోగాలు పోయాయి. మర్నాడు జనం కోర్టు ముందు నిరసనకు దిగారు. జైలుకు పంపడానికి కావలసిన రుజువు వేరు, ఒంటి మీద యూనిఫాం తీసేయడానికి కావలసిన రుజువు వేరు. మన సర్వీసు నిబంధనలు కూడా ఇదే చెబుతాయి. సంశయలాభం కింద, అంటే అనుమానానికి తావుందని కేసు కొట్టేసినా శాఖాపరమైన విచారణకు అడ్డం లేదు. మనం ఆ విచారణ సంగతి అడగడమే మర్చిపోతాం.

మీలో కొందరు ఈపాటికి ఒక ప్రశ్న అడగాలనుకుంటూ ఉండొచ్చు. కోర్టు వదిలేసిన మనిషిని మనం అనుమానించడం న్యాయమా? న్యాయం కాదు. చట్టం దృష్టిలో అతను నిర్దోషి, అతని ఇంటి ముందు గొడవ చేయడానికి, పిల్లల్ని అల్లరిపెట్టడానికి మనకు హక్కు లేదు. తప్పుడు కేసులో ఇరుక్కున్న పోలీసులు కూడా ఉంటారు, ఆ రక్షణ వాళ్ళకీ కావాలి. కానీ అతను విడుదలైతే ఆమె అబద్ధమాడినట్టు అయిపోదు. రుజువు చాలలేదని కోర్టు చెప్పింది. ఎందుకు చాలలేదు అని అడగడం మన హక్కు. వైద్య పరీక్ష ఆలస్యమైందా? బట్టలు ల్యాబుకి పంపారా? గుర్తింపు పరేడ్ పెట్టారా?

ఈ ప్రశ్నలకు సుప్రీంకోర్టు అండ కూడా ఉంది. 2014 జనవరిలో గుజరాత్ రాష్ట్రం, కిషన్‌భాయ్ కేసులో, నిందితులు విడుదలైన ప్రతి కేసునూ రాష్ట్ర హోంశాఖ పరిశీలించాలనీ, దర్యాప్తు అధికారిదో ప్రాసిక్యూషన్‌దో తప్పుంటే శాఖాపరమైన చర్య తీసుకోవాలనీ ఆదేశించింది. అలా పరిశీలించిన కమిటీ ఏం తేల్చిందో ఎప్పుడైనా పేపర్లో చూశారా? నేను చూడలేదు. మనం అడగలేదు కాబట్టి వాళ్ళూ చెప్పలేదు. బాధితురాలు సొంతంగా అప్పీలుకు వెళ్ళొచ్చని 2009 చివరి నుంచి చట్టంలో ఉంది. అది తెలియక, గడువు దాటిపోయి, కాగితాలు సంపాదించే శక్తి లేక ఎంతమంది ఊరుకున్నారో. విడుదల వార్త రాగానే ఫోన్లో కోపం చూపించేవాళ్ళు వేలమంది ఉంటారు. ఆమె దగ్గరికి ఒక లాయర్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు పదిమంది దొరకరు.

ఇంకో పని కేసు పుట్టకముందే చేయాల్సింది. 2006 సెప్టెంబర్‌లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే ప్రత్యేక అథారిటీ ఉండాలని చెప్పింది. కస్టడీలో అత్యాచారం ఆరోపణ వాటి పరిధిలోనిదేనని స్పష్టంగా రాసింది. డీఎస్పీ స్థాయి వరకు జిల్లా అథారిటీ, ఎస్పీ, ఆపై వాళ్ళ మీదైతే రాష్ట్ర అథారిటీ. మీ జిల్లాలో అది పనిచేస్తోందా, దానికి ఆఫీసు ఎక్కడ, సభ్యులెవరు, ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు విన్నారు? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఈ నాలుగు ప్రశ్నలూ అడగొచ్చు. దరఖాస్తు నమూనా రాసి తెచ్చాను. ఏ జిల్లాకు ఎవరు పంపుతారో పేర్లు చెబితే ఇప్పుడే రాసుకుందాం.