డేకేర్ చూడాలంటే అన్నం వేళకు వెళ్లండి

శ్రోతలకు నమస్కారం.

పాపను డేకేర్‌లో చేర్చాలనుకునేవాళ్లు ముందు గోడల మీద బొమ్మలు చూస్తారు, సీసీ కెమెరాలున్నాయా అని అడుగుతారు. అడగండి, మంచిదే. కానీ మధ్యాహ్నం అన్నం పెట్టే వేళకు వెళ్లి ఒక్క అరగంట కూర్చోండి. అక్కడ తెలిసినంత ఇంకెక్కడా తెలియదు.

ఏడాదిన్నర పాప అనుకుందాం. ముందు చేతులు. అందరి చేతులూ ఒకే బకెట్‌లో ముంచకూడదు. కుళాయి కింద, లేదా మగ్గుతో పోస్తూ, సబ్బుతో ఇరవై సెకన్లు. "ఏదీ, రెండో చెయ్యి?" అంటుంది మంచి ఆయా. అని, ఆగుతుంది. ఆ ఆగడం గమనించండి. మాట విని, అర్థం చేసుకుని, చెయ్యి చాపడానికి పాపకు నాలుగైదు సెకన్లు పడుతుంది.

తర్వాత పప్పన్నం. మెత్తగా కలిపి, పాప గిన్నెలో కొంచెమే వేస్తుంది. పాప చేతిలో ఒక చెంచా, తన చేతిలో ఒకటి. సగం కింద పడుతుంది, పడనివ్వాలి. "పప్పా, పెరుగా?" పాప వేలు చూపిస్తుంది. "పెరుగు కావాలా! ఇదిగో పెరుగు." తల తిప్పేసుకుంటే ఆపేస్తుంది. మాట, చెంచా పట్టడం, కడుపు నిండిందన్న ఎరుక అన్నీ అక్కడే అబ్బుతాయి. ఈ వయసుకు చదువంటే అదే. అక్షరాల చార్టుకు ఇంకా చాలా టైముంది.

ఇక తేడా వచ్చేచోట ఏం కనిపిస్తుంది? ఒకే చెంచాతో నలుగురికి వరసగా పెడతారు, ఒకరి జలుబు అందరికీ. టీవీ పెట్టి నోట్లో ముద్ద తోస్తారు. ఏడుస్తుండగానో పడుకోబెట్టో తినిపిస్తారు, పొలమారుతుంది. పల్లీ గుళ్లు, ద్రాక్ష అలాగే ఇస్తే గొంతుకు అడ్డుపడతాయి. పల్లీలు పొడి చేయాలి, ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు కోయాలి.

చాలాచోట్ల ఆయాలు మనసులేనివాళ్లేమీ కాదు, చేతులు చాలవు. 2018 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి కనీసం ఒకరుండాలి. పదిమందికీ ఒకేసారి ఆకలేస్తే ఆ ఒక్కరూ ఏం చేయగలరు? అందుకే తెలిసినవాళ్లు రెండు పంక్తులుగా పెడతారు. చిన్నపిల్లలు ముందు, కాస్త పెద్దపిల్లలు తర్వాత. మీరు అడగాల్సింది రిజిస్టరులో లెక్క కాదు, అన్నం వేళ ఆ గదిలో ఎంతమంది పిల్లలు, ఎంతమంది పెద్దలు అని.

ఉద్యోగం చేసే తల్లులకు ఇంకొక మాట. చట్టం ప్రకారం యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థకు క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి రావచ్చు. అందులో ఒకసారి అన్నం వేళకు ఉంచుకోండి. మొదటి వారం మిమ్మల్ని చూసి పాప ఏడవచ్చు, కాస్త పక్కన నిలబడండి. రోజులు గడిచినా "ఈ వేళకు రావద్దమ్మా" అంటుంటే ఎందుకో అడగండి.

పొద్దున పాప ఎన్నింటికి ఏం తిందో, నీళ్లు కావాలంటే ఏమని అడుగుతుందో, ఏది పడదో కాగితం మీద రాసి ఆయమ్మ చేతికే ఇవ్వండి. ఆఫీసు గదిలో ఇస్తే అది ఆమె దాకా చేరకపోవచ్చు.