బెంగళూరు అవుట్‌డోర్ క్లబ్‌తో కయాకింగ్, బ్యాక్‌ప్యాకింగ్ రివ్యూ: డబ్బులు కట్టేముందు వాళ్ళు మనల్ని ఏం అడిగారో చూడండి

హాయ్ అండి అందరికీ. చాలా రోజుల నుంచి కామెంట్లలో ఒకటే ప్రశ్న, బెంగళూరులో వీకెండ్ గ్రూపులతో వెళ్ళడం సేఫేనా, ఇన్‌స్టాలో రోజూ కనిపించే ప్యాకేజీలకీ మెంబర్‌షిప్ తీసుకుని చేరే క్లబ్బులకీ తేడా ఏంటి అని. అందుకే ఈరోజు ఒకే క్లబ్‌తో వెళ్ళిన రెండు ట్రిప్పుల గురించి చెప్తాను. ఒకటి కర్ణాటకలో శరావతి బ్యాక్‌వాటర్స్‌లో కయాకింగ్, అంటే కయాక్ అనే చిన్న సన్నటి పడవని తెడ్డుతో నడపడం, రెండోది హిమాచల్‌లో హంప్తా పాస్ (కొండల మధ్య నుంచి దాటే కనుమ) బ్యాక్‌ప్యాకింగ్, అంటే సామాన్లు వీపున మోసుకుంటూ నడవడం. క్లబ్ పేరు చెప్పట్లేదు అండి, ఇది ప్రమోషన్ వీడియో కాదు, పైగా నేను చెప్పేవి మీరు ఏ క్లబ్‌లో చేరాలనుకున్నా చూసుకోవాల్సినవే.

నా మాట ముందే చెప్పేస్తా. క్లబ్ మంచిదా కాదా అనేది కొండ ఎక్కాక తెలియడం కాదు, డబ్బులు కట్టకముందే తెలిసిపోతుంది. వాళ్ళు మనల్ని ఏం అడిగారు అన్నదాంట్లోనే ఉంటుంది మొత్తం. ఈ క్లబ్ ఫారంలో ఈత వచ్చా, రాకపోతే నీళ్ళల్లో తల ముంచగలరా, ఆస్తమా ఉందా, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, బీపీ మాత్రలు వేసుకుంటున్నారా, ఆగకుండా ఎంత దూరం నడవగలరు, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవన్నీ అడిగారు. ఆ తర్వాత ట్రిప్ లీడర్ ఫోన్ చేసి మళ్ళీ మాట్లాడాడు. మా ఆఫీస్‌లో ఒకతను మోకాలి సర్జరీ అయిన కొన్ని నెలలకే అప్లై చేస్తే, ఇప్పుడు వద్దు బ్రదర్, ముందు బరువు లేని డే ట్రెక్‌లకి రండి, చూసి చెప్తాం అన్నారు. డబ్బులు వస్తుంటే వద్దనేవాళ్ళని నేను నమ్ముతాను.

దీనికి ముందు ఒక ప్యాకేజీ గ్రూప్‌తో బోటింగ్‌కి వెళ్ళాను, అక్కడ అడిగింది రెండే, యూపీఐ స్క్రీన్‌షాట్ పంపండి, పికప్ మారతహళ్ళిలోనా సిల్క్ బోర్డ్ దగ్గరా. లైఫ్ జాకెట్ బకిల్ విరిగిపోతే దాన్ని తాడుతో ముడేసి ఇచ్చారు, చాలామంది ఫోటోలకి అడ్డమని దాన్ని కూడా తీసి పక్కన పెట్టారు, ఎవరూ ఏమీ అనలేదు. 2019 సెప్టెంబర్‌లో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు రోజుల తరబడి టీవీల ముందు కూర్చున్నాం కదండీ మనమందరం, అది చూసిన తెలుగువాళ్ళం కూడా లైఫ్ జాకెట్ తీసి పక్కన పడేస్తుంటే నాకు చాలా బాధేసింది.

సరే, ఈ క్లబ్ దగ్గరికి వద్దాం. శరావతికి వెళ్ళే ముందు ఒక ఆదివారం ఊరి బయట చెరువులో ప్రాక్టీస్ పెట్టారు, ఆ ప్రాక్టీస్‌కి రాకపోతే ట్రిప్ లేదు, పాత మెంబర్లకి కూడా అదే రూల్. ముందు లైఫ్ జాకెట్ చెక్. వేసుకుని అన్ని స్ట్రాపులూ బిగించాక లీడర్ వెనకాల నిలబడి రెండు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగుతాడు, అది చెవుల దాకా లేచిందంటే లూజ్ అన్నట్టు, నీళ్ళల్లో పడితే మనిషి కిందకి, జాకెట్ పైకి. మళ్ళీ నడుం దగ్గర నుంచి బిగించుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లల జాకెట్లకి కూడా ఇలాగే చెక్ చెయ్యండి, ఒక్క నిమిషం పని.

తర్వాత అసలుది, కావాలని కయాక్ తిరగేసి నీళ్ళల్లో పడటం. ఇది కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే ఎవరూ చూపించరు. పడగానే ముందు పాడిల్, అంటే తెడ్డు, వదలకూడదు, కయాక్ వదలకూడదు. ఒడ్డు దగ్గరే కదా అని ఈదుకుంటూ వెళ్ళిపోకూడదు, కయాక్ తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది, మనిషి తల కనిపించదు. బోర్లా పడిన కయాక్ మీదుగా చెయ్యి చాపి అవతలి అంచు పట్టుకుని మన బరువంతా వెనక్కి వేస్తే అది తిరుగుతుంది. తిరిగాక కాళ్ళు నీటి పైకి తెచ్చి ఈత కొట్టినట్టు గట్టిగా తన్నుతూ పొట్ట మీద కయాక్‌కి అడ్డంగా పడుకోవాలి, అప్పుడు మెల్లగా తిరిగి వెల్లకిలా అయ్యి, కూర్చుని, ఆఖర్న కాళ్ళు లోపల పెట్టుకోవాలి. అందరూ చేసే పని ఏంటంటే చేతుల బలంతో గోడ ఎక్కినట్టు పైకి లాక్కోవడం, అలా లాగితే కయాక్ మళ్ళీ మన మీదకే వస్తుంది. ఒకావిడ, అనంతపురం అమ్మాయి, ఈత రాదు, మొదట్లో నీళ్ళు ముక్కులోకి పోయి ఏడ్చేసింది, ఇద్దరు వాలంటీర్లు పక్కనే నీళ్ళల్లో నిలబడి ఆవిడ తనంతట తాను ఎక్కేదాకా ఉన్నారు. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ వీడియో తియ్యలేదు.

ఇక శరావతి. మెజెస్టిక్‌లో రాత్రి తాళగుప్ప ట్రైన్ ఎక్కితే పొద్దున్నే సాగర, అక్కడి నుంచి హొన్నెమరడు వైపు జీపుల్లో. ఈ నీళ్ళన్నీ 1964లో పూర్తయిన లింగనమక్కి డ్యామ్ వెనకాల నిలిచిన నీళ్ళు, 151 టీఎంసీలు అండి, మన శ్రీశైలం ఇప్పుడు 215 అంటారు కదా, దాంతో పోల్చుకుంటే ఎంత పెద్దదో అర్థమవుతుంది. అడుగున ఊళ్ళున్నాయి, అడవి ఉంది, అంతకుముందు కట్టిన హిరేభాస్కర డ్యామ్ కూడా ఈ నీళ్ళల్లోనే మునిగిపోయింది, ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గిపోతే బయటపడుతుంది. జోగ్ జలపాతం దగ్గర నిలబడి ఫోటో దిగే మనకి, ఈ డ్యామ్ నీళ్ళతో తీసే కరెంటు కోసం ఇక్కడ ఎంతమంది ఊళ్ళు వదిలేశారో ఎవరూ చెప్పరు, మా లీడర్ మొదటి రోజు ఒడ్డున కూర్చోబెట్టి ఇదంతా చెప్పాడు, అది నాకు బాగా నచ్చింది.

మునిగిన చెట్ల మొద్దులు ఇంకా నిలబడే ఉన్నాయి. కొన్ని పైకి కనిపిస్తాయి, కొన్ని సరిగ్గా నీటి కింద జానెడు లోతులో ఉంటాయి, అవే ప్రమాదం. అందుకే అందరూ చెల్లాచెదురుగా వెళ్ళడానికి లేదు. ముందు ఒక లీడర్, ఆఖర్న ఒక స్వీప్, ఆయన్ని దాటి ఎవరూ వెనక ఉండకూడదు, మధ్యలో మనం, పక్కవాడితో మాట్లాడితే వినిపించేంత దూరంలో. స్పీడ్ ఎవరిదంటే అందరికన్నా మెల్లగా వెళ్ళేవాళ్ళది. పాడిల్ రెండు చేతులతో తల పైన అడ్డంగా పట్టుకుంటే ఆగమని, నిలువుగా పట్టుకుంటే రమ్మని. విజిల్ మూడు సార్లు పొడుగ్గా ఊదితే ప్రమాదం, దాన్ని ఆటకి ఊదకూడదు. చేతులతో కాకుండా నడుం తిప్పుతూ పాడిల్ వెయ్యమని మొదటి గంటంతా వెనకాల నుంచి అరుస్తూనే ఉన్నారు, సాయంత్రానికి భుజాలు నొప్పి పుట్టని వాళ్ళెవరో, పుట్టిన వాళ్ళెవరో చూస్తే ఎవరు విన్నారో తెలిసిపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం అవతలి గట్టుకి దాటాలి, అదే ట్రిప్‌లో హైలైట్ అని అందరం ఎదురుచూస్తున్నాం. భోజనాల టైమ్‌కి గాలి లేచింది, నీళ్ళ మీద తెల్లగా నురగ కనిపించడం మొదలైంది. లీడర్ ఒడ్డున నిలబడి కాసేపు చూసి, దాటట్లేదు, ఈ గట్టు వెంబడే తిరిగి వెళ్దాం అన్నాడు. ఇద్దరు ముగ్గురు గొడవ పెట్టారు, ఇంత దూరం వచ్చింది ఇందుకా అని. ఆయన అరవలేదు, వాదించలేదు, చెయ్యి చూపించి గాలి ఎటు వీస్తోందో చెప్పాడు, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలికి ఎదురు పాడిల్ వెయ్యాలి అప్పటికి మీ చేతుల్లో బలం ఉండదు అన్నాడు, అంతే. నా దృష్టిలో మేం కట్టిన డబ్బుకి విలువ ఆ ఒక్క నిర్ణయంలోనే వచ్చేసింది.

ఇప్పుడు బ్యాక్‌ప్యాకింగ్. హంప్తా పాస్ ఎత్తు 4270 మీటర్లు, కుల్లు లోయ నుంచి ఎక్కి లాహౌల్ వైపు ఛత్రూలో దిగుతాం. చాలా కంపెనీలు గుర్రాల మీద సామాన్లు పంపిస్తాయి, వంటవాడు వండి పెడతాడు, ఆ పద్ధతి తప్పని నేను అనట్లేదు. ఈ క్లబ్‌లో మాత్రం టెంటు, స్టవ్, గిన్నెలు, బియ్యం అన్నీ మన వీపు మీదే. అందుకని నెల ముందు నుంచి నంది హిల్స్‌కి సుల్తాన్‌పేట వైపు మెట్ల మీద బ్యాగుతో ప్రాక్టీస్. అక్కడ లగేజీ తూచే చిన్న కాటా తగిలించి ప్రతి బ్యాగూ తూచారు, ఎక్కువైతే అక్కడే విప్పించారు. ఒకతని బ్యాగులోంచి ఫుల్ సైజ్ షాంపూ బాటిల్, జీన్స్ రెండు, డియోడరెంట్ వచ్చాయి, అన్నీ బయటే. బరువైనవి అడుగున కాదు, వీపుకి ఆనుకుని మధ్యలో పెట్టాలి, నడుం బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద కూర్చోవాలి, అప్పుడే భారం భుజాల నుంచి దిగుతుంది. పైన రెయిన్ కవర్ ఉన్నా లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ కవర్ పెట్టి అందులోనే బట్టలు సర్దుకోండి, కవర్ గాలికి ఎగురుతుంది, ఇది ఎగరదు.

గ్రూప్ సామాన్లు పంచుకోవడంలో అందం ఉంది అండి. టెంటు బట్ట ఒకరికి, పోల్స్ ఒకరికి, గ్యాస్ సిలిండర్లు ఫ్లైట్‌లో తీసుకెళ్ళనివ్వరు కాబట్టి మనాలీలో కొని పంచారు. కుక్కర్ ఎవరు మోస్తారని చిన్న చర్చ అయింది. ఉత్తరాది వాళ్ళు కుక్కరెందుకు నూడుల్స్ చాలు అన్నారు, మేం నలుగురం తెలుగువాళ్ళం కుక్కర్ వంతులేసుకుని మోస్తాం అన్నాం. అది సరైన పనే, ఎందుకంటే 3900 మీటర్ల దగ్గర, షియా గోరు క్యాంపులో, నీళ్ళు 87 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో అన్నం ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, గ్యాస్ అయిపోతుంది. కుక్కర్‌లో అన్నం, కందిపొడి, చిన్న డబ్బాలో నెయ్యి, గోంగూర పచ్చడి. ఆ చలిలో వేడి అన్నం ముద్ద పెట్టుకున్నాక నూడుల్స్ వాళ్ళే మళ్ళీ ప్లేటు చాపారు.

బాలూ కా ఘేరా క్యాంపులో ఒకతనికి సాయంత్రం తలనొప్పి మొదలై రాత్రికి వాంతులయ్యాయి. పొద్దున్నే కాస్త బాగుంది వస్తాను అన్నాడు, లీడర్ ఒప్పుకోలేదు, ఎత్తు పడక వచ్చే ఆ లక్షణాలతో ఇంకా పైకి ఎక్కకూడదు, దిగడమే మందు. కో-లీడర్ ఆయన్ని తీసుకుని కిందకి వెళ్ళాడు, మిగతావాళ్ళం పైకి వెళ్ళాం. మీరు అడగాల్సిన ప్రశ్న ఇది, ఒకరిని కిందకి పంపాల్సొస్తే తోడు వెళ్ళడానికి రెండో లీడర్ ఉన్నాడా? ఒక్కడే ఉంటే ఆ ట్రిప్‌కి వెళ్ళకండి.

వాగులు దాటడం కూడా అంతే. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి, అందుకే పొద్దున్నే దాటించారు. దాటేముందు అందరితో నడుం బెల్టు, ఛాతీ బెల్టు విప్పించారు, కాలు జారి పడితే బ్యాగు వదిలేసి బయటపడాలి, బెల్టు ఉంటే బ్యాగే మనల్ని కిందకి తొక్కేస్తుంది. పాస్ పైన అటు తిరిగితే ఎండు కొండలు, ఇటు తిరిగితే పచ్చటి లోయ, ఫోటోలు స్క్రీన్ మీద వేస్తున్నా చూడండి, నేను చెప్పడం కంటే అదే బెటర్.

నచ్చనివి కూడా ఉన్నాయి. సీట్లు దొరకడం చాలా కష్టం, మెయిల్ వచ్చిన కాసేపటికే నిండిపోతాయి, నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకి అన్యాయం, లాటరీ పెడితే బాగుంటుందని వాళ్ళకి రాశాను కూడా. అద్దె బ్యాగుల్లో కొన్నిటికి జిప్పులు సరిగా లేవు. బ్రీఫింగ్ అంతా గబగబా ఇంగ్లీషులో సాగిపోతుంది, కొత్తగా ఊరి నుంచి వచ్చిన పిల్లలు సగం అర్థం కాకుండానే తలూపుతారు, సేఫ్టీ విషయం కదా, ఇది మార్చాలి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా ఆపి అడగండి.

ఖర్చు విషయంలో నాకు కంప్లయింట్ లేదు. లాభం లేకుండా పంచుకోవడమే, ట్రిప్ అయ్యాక షీట్ పంపుతారు, జీపు అద్దె నుంచి టమాటాల దాకా రాసి ఉంటుంది, మిగిలింది వెనక్కి వేస్తారు. కాకపోతే వంట, గిన్నెలు కడగడం, చెత్త మోసుకురావడం అన్నీ మనమే. సెలవు దొరికింది హాయిగా కూర్చుందాం అనుకునేవాళ్ళకి ఇది సెట్ అవ్వదు, వాళ్ళు మంచి రిసార్ట్ చూసుకోవడమే మేలు.

వెళ్ళాలనుకుంటే శరావతికి వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి జనవరి లోపు, నీళ్ళు నిండుగా ఉంటాయి మొద్దులు లోతులో ఉంటాయి. హంప్తా జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా. అమ్మాయిలు ఇంట్లో ఒప్పుకోవట్లేదని చాలామంది రాస్తున్నారు, మీరు ట్రిప్ ప్లాన్, ఇద్దరు లీడర్ల నంబర్లు, ఏ రోజు ఎక్కడ సిగ్నల్ ఉండదో రాసిన కాగితం క్లబ్ దగ్గర తీసుకుని అమ్మానాన్నలకి ఇవ్వండి, కావాలంటే లీడర్‌తో మాట్లాడించండి. మా క్లబ్ మాట్లాడుతుంది. మాట్లాడం అన్నారంటే ఇంకో క్లబ్ చూసుకోండి. డౌట్లు ఉంటే కింద రాయండి, ఒక్కోదానికీ రిప్లై ఇస్తాను, ఉంటానండి.