రెండు వేళ్ల సందు

శ్రోతలకు నమస్కారం. ఈ పూట మీకు ఒక ఫ్రిజ్ సంగతి చెబుతాను. ఫ్రిజ్ కన్నా, ఫ్రిజ్ పక్కన ఉండాల్సిన ఖాళీ సంగతి అంటే సరిగ్గా ఉంటుందేమో.

నిరుడు వేసవిలో మా చెల్లెలి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్లాను. లండన్‌కి పడమరగా రెడింగ్ అని ఒక ఊరు. వెళ్లిన మర్నాడు అందరికన్నా ముందే లేచి, కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వెళ్తే పాలు కనపడవు. పాలు సరే, అసలు ఫ్రిజ్జే కనపడదు! గోడ పొడుగునా ఒకటే రంగు తలుపులు. ఒకటి తెరిస్తే కంచాలు. ఇంకొకటి తెరిస్తే పప్పు డబ్బాలు. మూడోది తెరిస్తే చీపురు. నాలుగోది తెరిస్తే మొహానికి చల్లగాలి కొట్టింది.

అక్కడ చాలా ఇళ్లలో అంతే. ఫ్రిజ్‌ని చెక్క బీరువాలో దాచేస్తారు. బిల్టిన్ అంటారు, ఇంటిగ్రేటెడ్ అని కూడా అంటారు. చెక్క తలుపు వేరు, లోపల ఫ్రిజ్ తలుపు వేరు. చాలావాటిలో రెంటినీ కలుపుతూ చిన్న పట్టాలుంటాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ లోపల చోటు తక్కువ. ఇడ్లీపిండి గిన్నె పెడితే పెరుగు గిన్నె బయటికి రావాల్సిందే.

నేను వెళ్లిన రెండో వారంలో ఆ ఫ్రిజ్ కాస్తా పోయింది. పొద్దున్నే చూస్తే కింద ఫ్రీజర్‌లోంచి నీళ్లు. ఇక్కణ్ణించి నేను మోసుకెళ్లిన గోంగూర, తురిమిన కొబ్బరి, అన్నీ మెత్తబడి కూర్చున్నాయి. ఆ రోజు ఇంట్లో మూడు పూటలా గోంగూరే.

అలాంటిదే ఇంకొకటి కొందామంటే బిల్టిన్ వాటికి ధర ఎక్కువ, చోటు తక్కువ. మా మరిది అన్నాడు, "వదినగారూ, ఈ గొడవంతా ఎందుకు, బీరువా తలుపు తీయించేసి అందులోనే మామూలు ఫ్రిజ్ పెట్టేద్దాం" అని. టేపు పెట్టి కొలిచాడు. బీరువా వెడల్పు 60 సెంటీమీటర్లు. నచ్చిన ఫ్రిజ్ 59.5. "అచ్చు గుద్దినట్టు సరిపోయింది" అని సంబరపడ్డాడు. షాపులో కుర్రాడు కూడా తల ఊపాడు.

ఫ్రిజ్ వచ్చింది. బీరువాలోకి వెళ్లదు! బీరువా బయట కొలిస్తే 60. అటు 18 మిల్లీమీటర్ల చెక్క, ఇటు 18 మిల్లీమీటర్ల చెక్క. లోపల మిగిలేది 56 చిల్లర. మరి బీరువా మొత్తం పీకేస్తే? అప్పుడు పడుతుంది. పడుతుంది గానీ, అటూ ఇటూ కలిపి అర సెంటీమీటరు మిగులుతుంది. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకంలో చూస్తే పక్కల రెండేసి సెంటీమీటర్లు వదలమని ఉంది. నాలుగు రోజులు ఆ ఫ్రిజ్ అట్టపెట్టెతో సహా హాల్లో నిలబడి, చివరికి వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఎందుకు వదలాలి అంటే, ఫ్రిజ్ లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. వెనకటి ఫ్రిజ్‌లకి వీపు మీద నల్లటి జాలీ ఉండేది, గుర్తుందా? పిల్లల తడి సాక్సులు దాని మీద ఆరేసేవాళ్లం. ఇప్పుడు చాలావాటికి ఆ గొట్టాలు పక్క గోడల్లోకి వెళ్లిపోయాయి. అందుకే ఫ్రిజ్ పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అది మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. బిల్టిన్ ఫ్రిజ్‌కి కింద కాళ్ల దగ్గరి జాలీలోంచి గాలి వచ్చి, వీపు వెనకగా పైకి పోతుంది. మామూలు ఫ్రిజ్‌కి ఆ ఏర్పాటు ఉండదు. చుట్టూ ఉన్న గాలే దానికి దిక్కు. గాలి ఆడకపోతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. బిల్లు పెరుగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది.

ఇది ఇంగ్లండ్‌లోనే అనుకోకండి. మా విజయవాడలో మా పక్క ఫ్లాట్ వాళ్లు మాడ్యులర్ కిచెన్ చేయించుకుంటూ, అప్పుడున్న ఫ్రిజ్ చుట్టూ కార్పెంటర్ చేత అతికినట్టు చెక్క గూడు కట్టించుకున్నారు. ఇప్పుడు ఆ ఫ్రిజ్ పోతే, గూడుకి సరిపోయే ఫ్రిజ్ కోసం షాపులన్నీ తిరుగుతున్నారు. కాళ్లకి తగ్గ చెప్పులు కొంటాం గానీ, చెప్పులకి తగ్గ కాళ్లు ఎక్కడ దొరుకుతాయండీ?

సరే, మళ్లీ చెల్లెలి ఇంటికి వద్దాం. రెండోసారి కొలత నేను పట్టాను. టేపుతో కాదు, ముగ్గుతో! కార్పెంటర్ వచ్చి బీరువా విప్పాడు. పైన చిన్న అర ఆ బీరువా మీదే ఆనుకుని ఉంది, దానికి వేరే ఆధారం కొట్టాల్సి వచ్చింది. కింద చూస్తే అక్కడ టైల్స్ వెయ్యనే లేదు, నేల సెంటీమీటరు పల్లం. దానికి భయం లేదు, ఫ్రిజ్ ముందు కాళ్లు మరలాగా తిరుగుతాయి, పల్లం ఎక్కువైతే కింద పలక వేసుకోవచ్చు. నేను మా పాప సుద్దముక్క తీసుకుని ఆ నేల మీద ఫ్రిజ్ ఎంత ఉంటుందో అంతా గీశాను. వెడల్పు 55, లోతు 65. అటూ ఇటూ రెండు వేళ్లు. తర్వాత తలుపు తెరుచుకునే వంపు గీశాను. ఆ వంపు తిన్నగా వెళ్లి భోజనాల బల్ల దగ్గర కుర్చీకి తగిలింది. అందుకని తలుపు రెండో వైపుకి మార్చుకోగలిగే మోడల్ చూసి, 55 వెడల్పుదే తెప్పించాం. చోటు మరీ పెరిగిందని చెప్పను. కానీ ఇడ్లీపిండీ పెరుగూ ఇప్పుడు ఒకే అరలో సర్దుకుంటున్నాయి.

కాబట్టి మీరూ కొనేముందు ఒక సుద్దముక్క పట్టుకోండి. ముందు ఫ్రిజ్, తర్వాత పక్కన గాలి, తర్వాత తలుపు వంపు. మూడూ గీశాకే షాపుకి వెళ్లండి. ఇంటి గుమ్మం వెడల్పు కూడా చూసుకోండి. ఫ్రిజ్‌ని నిలబెట్టే తీసుకురమ్మనండి. పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లో నూనె గొట్టాల్లోకి పారుతుంది, అప్పుడు కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వెయ్యాలి.

మొన్న చెల్లెలు వీడియో కాల్ చేసి వంటిల్లు చూపించింది. అంతా బాగానే ఉంది. ఫ్రిజ్ పక్కన వదిలిన ఆ రెండు వేళ్ల సందులో కూరలు తరిగే చెక్క నిలబెట్టింది. "ఎంత సరిగ్గా పట్టిందో చూడక్కా" అంటోంది. ముందు అది తియ్యవే అన్నాను.