కొత్త పౌరసత్వం, పాత పాస్‌పోర్టు, మధ్యలో పిల్లలు

అందరికీ నమస్కారం.

పౌరసత్వ ప్రమాణం చేసి ఇంటికి వచ్చిన సాయంత్రం మొదట జరిగే పని బంధుమిత్రులకు ఫొటోలు పంపడం. రెండో పని, వచ్చే సెలవులకు విమానం టికెట్లు వెతకడం. మిమ్మల్ని ఆ రెండో పని దగ్గర కాసేపు ఆపాలని వచ్చాను. పెద్దవాళ్ల గురించి నాకు పెద్దగా దిగులు లేదు. వాళ్ల చేతికి ధ్రువపత్రం వస్తుంది, ఆ తర్వాత పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయాలని వాళ్లకు తెలుసు. తంటా అంతా పిల్లలతోనే.

కొన్ని దేశాల్లో తల్లి గానీ తండ్రి గానీ పౌరులైతే మైనర్లయిన పిల్లలు కూడా వాళ్ల వెంటే పౌరులైపోతారు. వాళ్లను ఎవరూ వేదిక దగ్గరికి పిలవరు. ప్రమాణం చేయించరు. వాళ్ల పేరుతో ఒక్క కాగితమూ ఇవ్వరు. బడిలో లెక్కల క్లాసులో కూర్చున్న పిల్ల ఆ ఉదయమే మరో దేశపు పౌరురాలై ఉంటుంది. ఆ సంగతి ఇంట్లోవాళ్లకే తట్టదు, ఇక ఆమెకు చెప్పేదెవరు?

అమెరికా చట్టాన్నే తీసుకుందాం. పిల్లల పౌరసత్వం గురించి 2000లో చేసిన చట్టం 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉంది. పిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా ఉండాలి, గ్రీన్ కార్డు ఉండాలి, పౌరసత్వం ఉన్న తల్లి లేదా తండ్రి సంరక్షణలో వాళ్లతో కలిసి ఆ దేశంలో నివసిస్తూ ఉండాలి. ఇవన్నీ ఏ రోజున కలిస్తే ఆ రోజే పౌరసత్వం. ఏది ముందు, ఏది వెనుక అన్న పట్టింపు లేదు. విదేశంలోనే దత్తత పూర్తయి, అందుకు తగిన వలస వీసాతో వచ్చే బిడ్డ సరిహద్దు తనిఖీ దాటగానే పౌరుడవుతాడు. విమానం ఎక్కినప్పుడు ఒక దేశపు బిడ్డ, దిగాక ఇంకో దేశపు బిడ్డ. చట్టం ఇంత ఉదారంగా ఉండటం మంచిదే. కానీ చట్టం ఇచ్చినంత తొందరగా కాగితం రాదు. పౌరసత్వం వచ్చిన రోజుకీ పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజుకీ మధ్య ఉండే ఆ వారాల గురించే ఇవాళ నా మాటలన్నీ.

ఆ వారాల్లో ఇంట్లో ఏం కనిపిస్తుంది? బీరువాలో పిల్లవాడి పాత పాస్‌పోర్టు ఉంటుంది. గడువు ఇంకా మూడేళ్లుంటుంది. పక్కనే గ్రీన్ కార్డు, దానికీ గడువుంటుంది. ఇన్నాళ్లూ ఈ రెండిటితోనే కదా వెళ్లివచ్చాం, ఇంకొక్కసారికి ఏమవుతుందని అనిపిస్తుంది. కానీ చట్టం దృష్టిలో ఆ బిడ్డ ఇప్పుడు వలసదారు కాడు, పౌరుడు. అమెరికా పౌరులు ఆ దేశం విడిచి వెళ్లాలన్నా తిరిగి అడుగుపెట్టాలన్నా ఆ దేశపు పాస్‌పోర్టే ఉండాలని అక్కడి వలస చట్టం చెబుతోంది. మూడు నెలల పసికందుకైనా అదే నియమం.

కెనడాలో 2016 నవంబరు నుంచి ఇదే కట్టుదిట్టం. రెండు పౌరసత్వాలున్నవాళ్లు కెనడాకు విమానం ఎక్కాలంటే కెనడా పాస్‌పోర్టు చూపాలి. అమెరికా పాస్‌పోర్టు కూడా ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. బ్రిటన్ 2026 ఫిబ్రవరి 25 నుంచి ఆ దారిలోకే వచ్చింది. అంతకుముందు, బ్రిటిష్ పౌరసత్వం ఉండి కూడా వేరే దేశపు పాస్‌పోర్టుతో తిరిగేవాళ్లు చాలామంది ఉండేవారు. ఇప్పుడు బ్రిటిష్ పాస్‌పోర్టు గానీ, పాత పాస్‌పోర్టుకు జతచేసిన హక్కు ధ్రువీకరణ గానీ లేకపోతే విమాన సంస్థ ఎక్కించుకోకపోవచ్చు. పౌరులను వీసా అడగరు, ముందస్తు ప్రయాణ అనుమతీ ఇవ్వరు. కాబట్టి పౌరుడైన పిల్లవాడు పరదేశిలా వెళ్లడానికి దారే ఉండదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. 'అక్కడికి చేరాక అధికారికి నచ్చజెప్పుకుంటాం' అంటారు. మిమ్మల్ని ఆపేది ఆ అధికారి కాదు, బయలుదేరే ఊళ్లో చెక్-ఇన్ కౌంటర్ వెనుక నిలబడ్డ ఉద్యోగి. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ణి దింపితే చాలా దేశాలు విమాన సంస్థకే జరిమానా వేస్తాయి, తిరిగి తీసుకెళ్లే బాధ్యత కూడా దానిదే. అందుకే ఆ ఉద్యోగి టిమాటిక్ అనే సమాచార కోశంలో ఏ దేశస్థుడు ఎక్కడికి వెళ్లాలంటే ఏం కావాలో చూసి, అది చెప్పినట్టు నడుచుకుంటాడు. మీ కుటుంబ కథ వినే సమయం అతనికి ఉండదు, అధికారమూ ఉండదు.

ఇక పాత దేశం వైపు చూద్దాం. కొత్త పౌరసత్వం వచ్చినా పాతదాన్ని ఉండనిచ్చే దేశాలున్నాయి, ఉండనివ్వనివీ ఉన్నాయి. భారత పౌరసత్వ చట్టం, 1955లోని 9వ సెక్షన్ ప్రకారం ఎవరైనా స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం ముగుస్తుంది. పిల్లలకు భారత పాస్‌పోర్టు ఉండి ఉంటే దాన్నీ కాన్సులేట్‌కు అప్పగించి రద్దు చేయించుకోవాలి. ఆ తర్వాతే కొత్త పాస్‌పోర్టు మీద వీసాకో, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకో వెళ్లాలి. చైనా కూడా ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు. జపాన్‌ది మధ్యేమార్గం. 18 ఏళ్లలోపు రెండు పౌరసత్వాలు వచ్చినవాళ్లు 20 ఏళ్లు నిండేలోగా ఏదో ఒకటి ఎంచుకోవాలి. సింగపూర్‌లో ఆ నిర్ణయం 21వ ఏట.

రెండు పౌరసత్వాలూ నిలిచే చోట ఇంకో చిక్కుంది. 1930 నాటి హేగ్ ఒప్పందంలో ఒక సూత్రం ఉంది. రెండు దేశాల పౌరుడైన మనిషి ఆ రెండింటిలో ఒకచోట ఉంటే, అతని తరఫున రెండో దేశం దౌత్యపరంగా జోక్యం చేసుకోలేదు. పిల్లవాడు పాత పాస్‌పోర్టు మీద పాత దేశంలో దిగితే, ఆ దేశం అతణ్ణి తన బిడ్డగానే చూస్తుంది. నిర్బంధ సైనిక శిక్షణ ఉన్న దేశాల విషయంలో, పదిహేను పదహారేళ్ల అబ్బాయిలున్న తల్లిదండ్రులు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

సరే, కొత్త పాస్‌పోర్టు తీసుకోవడం ఎలా? ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

మళ్లీ అమెరికా ఉదాహరణే చూద్దాం. పిల్లవాడి పేరుతో పౌరసత్వ పత్రం లేదు కాబట్టి తల్లిదో తండ్రిదో పత్రం ఆధారంగా నిరూపించాలి. ఆ ధ్రువపత్రం అసలు ప్రతి, తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రం, గ్రీన్ కార్డు లేదా వలస వీసా ముద్ర ఉన్న పాత పాస్‌పోర్టు, పిల్లవాడు వాళ్లతోనే ఉంటున్నాడనడానికి ఆధారం, ఇవన్నీ చూపాలి. ఇంట్లో ఉన్న అసలు ధ్రువపత్రం ఒక్కటే. తల్లి తన పాస్‌పోర్టు కోసం దాన్ని పంపేస్తే, అది తిరిగి వచ్చేదాకా పిల్లల దరఖాస్తు కదలదు. పైగా అది పాస్‌పోర్టుతో కలిసి రాదు, వేరే కవరులో వస్తుంది. తల్లీ పిల్లలూ ఒకే రోజు, ఒకే చోట దరఖాస్తు చేసుకుంటే ఈ నిరీక్షణ తప్పుతుంది. ఆ ధ్రువపత్రం మీద, చట్టబద్ధమైన అధికారం లేకుండా నకలు తీస్తే శిక్షార్హమని అచ్చువేసి ఉంటుంది. అది చదివి జంకి, నకలు తీయకుండానే వరుసలో నిలబడేవాళ్లున్నారు. పాస్‌పోర్టు దరఖాస్తుకు నకలు జతచేయాలని ఆ ప్రభుత్వమే అడుగుతుంది. కాబట్టి నిశ్చింతగా తీసుకోండి, ఇంట్లో ఒక ప్రతి కూడా ఉంచుకోండి.

ఆ తర్వాత సంతకాలు. 16 ఏళ్లలోపు పిల్లలకైతే తల్లిదండ్రులిద్దరూ స్వయంగా రావాలి. రాలేనివారు నోటరీ ఎదుట సంతకం చేసిన అంగీకార పత్రం పంపాలి. విడిపోయిన దంపతులకు ఇది చేదుగా ఉంటుంది. అయినా ఈ నియమాన్ని నేను తప్పుపట్టను. ఒకరికి తెలియకుండా మరొకరు బిడ్డను దేశం దాటించేయడం ఎంత పెద్ద సమస్యో చెప్పడానికి, దాని కోసమే 1980లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరిందన్న సంగతి చాలు. పూర్తి సంరక్షణ మీకే ఇస్తూ కోర్టు ఉత్తర్వు ఉంటే ఒక్కరి సంతకంతోనే పని జరుగుతుంది, కానీ ఆ ఉత్తర్వు ధ్రువీకరించిన ప్రతి వెంట ఉండాలి. పాస్‌పోర్టు వచ్చాక కూడా, ఒక్కరే పిల్లలతో ప్రయాణిస్తుంటే రెండోవారి అంగీకార లేఖ, జనన ధ్రువపత్రం నకలు దగ్గర ఉంచుకోండి. తల్లి ఇంటిపేరు, బిడ్డ ఇంటిపేరు వేర్వేరైతే ఇది మరీ అవసరం. కొన్ని దేశాలు అడుగుతాయి, కొన్ని అడగవు. అడిగినప్పుడు లేకపోతే ఆ రాత్రి విమానాశ్రయంలోనే.

పేర్ల సంగతి విడిగా చెప్పాలి. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున అక్షరాలూ అంకెలూ కలిసిన రెండు వరుసలుంటాయి, ఒక్కోదాంట్లో 44 గుర్తులు. మొదటి వరుసలో దేశం గుర్తు తర్వాత ఇంటిపేరు, ఆపై రెండు కోణం గుర్తులు, ఆపై సొంత పేరు. పేరుకు మొత్తం 39 గడులే. పొడవైన పేర్లు అక్కడ తెగిపోతాయి. యంత్రం చదివేది ఆ వరుసనే. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకేచోట రాసి ఉంటే, కొత్తదాంట్లో అదే పేరు రెండు ముక్కలై రావచ్చు. అప్పుడు పాత పేరుతో కొన్న టికెట్టూ కొత్త పాస్‌పోర్టూ పొసగవు. పాస్‌పోర్టు చేతికొచ్చాకే, ఆ వరుస చూసి, టికెట్టు కొనండి. పాత పుస్తకంలో ఉన్న ఇతర దేశాల వీసాల గతి కూడా అప్పుడే కనుక్కోండి. పౌరసత్వం మారితే వీసా నియమాలూ మారతాయి.

ఒకే ఇంట్లో రెండు రకాల పిల్లలుండే సందర్భం ఒకటుంది. అమ్మ ప్రమాణం చేసేనాటికి పెద్దవాడికి 18 నిండి వారం దాటింది, చిన్నదానికి పన్నెండు. చిన్నది పౌరురాలు. పెద్దవాడు కాదు, అతను సొంతంగా దరఖాస్తు చేసుకోవాలి, అప్పటిదాకా పాత పాస్‌పోర్టూ గ్రీన్ కార్డే అతనికి సరైన పత్రాలు. చెల్లెలికి చెల్లనివి అన్నకు చెల్లుతాయి. కుటుంబమంతటికీ ఒకటే సలహా ఇచ్చేవాళ్ల మాట అందుకే వినవద్దు.

శరణార్థి కుటుంబాల పిల్లల పరిస్థితి ఇంకోలా ఉంటుంది. వాళ్లలో చాలామందికి అసలు పాత పాస్‌పోర్టే ఉండదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం కింద ఇచ్చిన ప్రయాణ పత్రం ఉంటుంది. కొత్త దేశపు పౌరులై ఆ దేశపు రక్షణ పొందగానే శరణార్థి హోదా ముగుస్తుందని ఆ ఒప్పందమే చెబుతుంది. కాబట్టి ఆ పత్రంతో ఇక ప్రయాణించకూడదు. వాళ్లకు వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఇంకో పుస్తకం లేదు. కార్యాలయాలు వీళ్ల దరఖాస్తులనే ముందు చూడాలని నేను అంటాను.

ఇప్పుడు ప్రభుత్వాలకు ఒక మాట. ఒకప్పుడు పిల్లల పేర్లను తల్లిదండ్రుల పాస్‌పోర్టులోనే రాసేవారు. మనిషికో పాస్‌పోర్టు ఉండాలన్న నియమం వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2012 జూన్ 26 నుంచి అలాంటి నమోదు చెల్లదు. బిడ్డకు విడిగా పుస్తకం కావాలన్నప్పుడు, పౌరసత్వం ఇచ్చిన రోజే బిడ్డ పేరుతో ఒక కాగితం కూడా ఇవ్వవచ్చు కదా? అమెరికాలో పిల్లల పేరిట పౌరసత్వ ధ్రువపత్రం తీసుకోవచ్చు గానీ, దానికి వేరే దరఖాస్తు, వేరే రుసుము. అయినా వీలైతే తీసుకోండి. పదహారేళ్లలోపు వాళ్లకు పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది, ఆ ధ్రువపత్రానికి గడువు లేదు. ముప్పై ఏళ్ల వయసులో పాస్‌పోర్టు పోగొట్టుకుని, చిన్నప్పుడు ఎవరి సంరక్షణలో ఉన్నానో నిరూపించుకోవలసిన అవస్థ వాళ్లకు తప్పుతుంది.

అత్యవసరం వస్తే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. తాతగారికి ఒంట్లో బాగాలేదు, రేపే బయలుదేరాలి. కొన్ని దేశాల్లో అత్యవసర ప్రయాణాలకు త్వరగా పాస్‌పోర్టు ఇచ్చే కార్యాలయాలుంటాయి. అమెరికాలో పద్నాలుగు రోజుల్లోపు ప్రయాణం ఉన్నవారు ముందుగా సమయం తీసుకుని అక్కడికి వెళ్లవచ్చు. పిల్లలు విదేశంలో సెలవుల్లో ఉండగా ఇక్కడ తల్లి ప్రమాణం చేస్తే పని మరింత చిక్కవుతుంది. పిల్లవాడు పౌరుడేనని ముందు అక్కడి రాయబార కార్యాలయానికి నిరూపించాలి, ఆ కాగితాలన్నీ ఇక్కడి ఇంట్లో ఉంటాయి. ప్రమాణం తేదీ దగ్గర పడినప్పుడు పిల్లలను ఎక్కడికీ పంపకండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. జనన ధ్రువపత్రాలు వెంట తెచ్చుకున్నవారు ఇటు పక్క బల్ల దగ్గరికి రండి. తల్లి పేరు, తండ్రి పేరు, బిడ్డ పేరు మీ మిగతా పత్రాల్లో ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం సరిచూద్దాం. తేడా ఉంటే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకముందే సరిచేయించుకోవాలి.