సేవా సంస్థకు ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు దాన్ని తిరగేసి చూడండి

నమస్తే అండీ. మాటలకన్నా ముందు ఒకటి చూపిస్తాను, కెమెరా కాస్త దగ్గరగా పెడుతున్నా, ఈ మూల చూడండి. మూతా కింది బాడీ కలిసే చోట ప్లాస్టిక్ ఎలా విచ్చుకుపోయిందో కనిపిస్తోంది కదా. లోపల చిన్న ఇత్తడి నట్టు ఉంటుంది, కీలు స్క్రూ అందులో బిగిస్తారు, ఆ నట్టుని ప్లాస్టిక్‌లో పొదిగి వదిలేస్తారు, అంతే. రోజుకి పదిసార్లు ఎవరో ఒకరు మూల పట్టుకుని మూత తెరుస్తూ ఉంటే రెండేళ్లకి ఆ నట్టు ప్లాస్టిక్ ముక్కతో సహా ఊడి వచ్చేసింది. ప్రాసెసర్‌కి ఏమీ కాలేదు, స్క్రీన్ బాగానే ఉంది, కానీ మెషిన్ మూలన పడింది. మా సంస్థ దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కాదు, కొత్తదే కొన్నది, బ్రాండ్ పేరు చెప్పను. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే బాడీ మొత్తం మార్చాలన్నారు, పది రోజులయ్యాక ఆ మోడల్ ఆగిపోయింది, పార్ట్ రాదన్నారు. గ్రాంట్ రిపోర్ట్ పంపాల్సిన వారం అది, లబ్ధిదారుల జాబితా అంతా అందులోనే ఉంది. ఆ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

మనలాంటి చిన్న సంస్థల్లో ల్యాప్‌టాప్ ఒక్కరి చేతిలో ఉండదు కదండీ. పొద్దున అకౌంట్స్ చూసే ఆవిడ, మధ్యాహ్నం వాలంటీర్, సాయంత్రం ఫీల్డ్‌కి వెళ్లేవాళ్ల సంచిలో. ఐటీ కోసం విడిగా మనిషిని పెట్టుకునే స్తోమత ఉండదు. పైగా అది దాతలిచ్చిన డబ్బు. కాబట్టి ఏ ప్రాసెసర్ అని కాదు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఎన్ని రోజులు పడుతుంది, పార్ట్ దొరుకుతుందా, ముందు ఇవి అడగండి.

దీనికి నాకు తెలిసిన జవాబు బిజినెస్ సిరీస్, అంటే ఆఫీసుల కోసం చేసే మోడళ్లు. లెనోవోలో థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్‌లో లాటిట్యూడ్ (2025 నుంచి వీటిని డెల్ ప్రో అంటున్నారు), హెచ్‌పీలో ఎలైట్‌బుక్. పెద్ద కంపెనీలు వీటిని వేల సంఖ్యలో కొంటాయి, మూడు నాలుగేళ్లు వాడి తీసేస్తాయి, అందుకే పార్టులు బయట చాలాకాలం దొరుకుతాయి, విప్పి బిగించడం తెలిసిన మెకానిక్‌లు కూడా ఎక్కువ. ఏ స్క్రూ ఎక్కడ, ఏది ముందు తీయాలి అని బొమ్మలతో సహా చెప్పే సర్వీస్ మాన్యువల్‌ని కంపెనీయే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతుంది. మామూలు ఇంటి వాడకం మోడళ్లలో అన్నిటికీ ఇది దొరకదు.

ఇదిగో, నా ముందున్నది థింక్‌ప్యాడ్ టీ480, 2018లో వచ్చిన మోడల్, మేము రీఫర్బిష్డ్‌లో, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మే చోట తీసుకున్నాం. తిరగేస్తున్నా చూడండి. ఈ బ్యాటరీ రెండు లాచ్‌లు జరిపితే చేతికి వచ్చేస్తుంది, లోపల ఇంకో చిన్న బ్యాటరీ ఉంది కాబట్టి మెషిన్ ఆపకుండానే బయటిది మార్చుకోవచ్చు. కింది మూతకున్న స్క్రూలు వదులవుతాయి గానీ ఊడి కింద పడవు, మూతకే పట్టుకుని ఉంటాయి, వెతుక్కునే పని లేదు. లోపల ర్యామ్ (ఒకేసారి ఎన్ని పనులు నడుస్తాయో తేల్చే మెమరీ) పెట్టే స్లాట్లు రెండు. ఎనిమిది జీబీతో వచ్చింది, పదహారు చేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు, ఒక ఎక్సెల్, ఒక వీడియో కాల్ కలిపి నడవాలంటే పదహారు ఉండాల్సిందే, ర్యామ్ బోర్డు మీదే అతికించిన మోడల్ అయితే కొన్న రోజు ఎంత ఉందో ఆఖరి దాకా అంతే. కొత్తది కొనగలిగితే 2024లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ14 జెన్ 5 లాంటిది చూడండి, దాన్ని విప్పడం తేలికగా ఉండాలని రిపేర్ గైడ్‌లు రాసే ఐఫిక్సిట్ వాళ్లతో కలిసి డిజైన్ చేశారు, బాగుచేయడం ఎంత తేలికో చెప్పే వాళ్ల రిపేరబిలిటీ స్కోరు పదికి తొమ్మిది.

గట్టి మెషిన్ అని చెప్పుకోవడానికి డబ్బాల మీద మిల్ స్టాండర్డ్ 810హెచ్ అని రాసి ఉంటుంది. అది అమెరికా సైన్యం పరీక్షా పద్ధతుల పుస్తకం. కానీ ఆ సైన్యం ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, చేతిలోంచి జారి పడితే వారంటీ కూడా రాదు. దానికోసం యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ విడిగా తీసుకోవాలి. కొత్తదైతే మాత్రం ఆన్‌సైట్ వారంటీకే డబ్బు పెట్టండి, స్లాట్ ఉంటే ర్యామ్ తర్వాతైనా వేసుకోవచ్చు గానీ, మెకానిక్ మన దగ్గరికే వచ్చే ఈ సౌకర్యాన్ని మెషిన్ చెడిపోయాక కొనుక్కోవడం కష్టం.

పాతది కొనేవాళ్లు జాగ్రత్తగా వినండి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే కొన్ని మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. ఈ టీ480లో ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న రకం నడుస్తుంది, దీనికి ముందొచ్చిన టీ470 చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నా నడవదు. ఈ టీ480 కూడా ఆ అంచు మీదే ఉంది కాబట్టి, ఇవాళ కొనేవాళ్లు పదో తరమో పదకొండో తరమో వెతకడం మంచిది.

ఇంకో ముఖ్యమైన సంగతి. డబ్బు ఇచ్చే ముందు విండోస్‌ని మళ్లీ మొదట్నుంచి ఇన్‌స్టాల్ చేయించి, నెట్ కలిపి చూడండి. సెటప్ మధ్యలో ఏదో కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వచ్చిందంటే ఆ మెషిన్ ఇంకా పాత ఓనర్ జాబితాలోనే ఉన్నట్టు, తీసుకోకండి. బయోస్‌కి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌కి, పాస్‌వర్డ్ ఉన్నా అంతే. ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో (powercfg /batteryreport) బ్యాటరీ రిపోర్ట్ తీయండి, స్పెల్లింగ్ స్క్రీన్ మీద కూడా వేస్తున్నా. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి, రెండోది మొదటి దాంట్లో సగానికి పడిపోతే బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకుని బేరం ఆడండి.

విండోస్ బదులు గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌ల గురించి చాలామంది అడిగారు. పని అంతా బ్రౌజర్‌లోనే అయితే నిశ్చింతగా తీసుకోండి, 2021 నుంచి వచ్చిన మోడళ్లకి పదేళ్ల అప్‌డేట్లు ఉన్నాయి. కానీ ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ ప్లాట్‌ఫామ్ విడుదలైన రోజు నుంచి లెక్క. విండోస్‌లో నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే మాత్రం వద్దు.

వీలైతే ఒకే మోడల్ రెండు తీసుకోండి. ఛార్జర్ ఒకటే, బ్యాటరీ ఒకటే, ఒకదాని మదర్‌బోర్డు పోతే దాని ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డిస్క్) తీసి రెండోదాంట్లో పెట్టి ఆ సాయంత్రమే రిపోర్ట్ పంపేయొచ్చు, మేము ఒకసారి అలాగే గట్టెక్కాం. లబ్ధిదారుల వివరాలు ఉంటాయి కాబట్టి డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం బిట్‌లాకర్‌ని ఎలాగూ ఆన్ చేసి ఉంచాలి, అలా డిస్క్ మార్చినప్పుడు అది నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని ఇవాళే ప్రింట్ తీసి, ఆఫీసు బీరువాలో రిజిస్ట్రేషన్ కాగితాలతో పాటు పెట్టి, ఎక్కడ ఉందో ఇద్దరికి చెప్పి ఉంచండి.