పోపుల డబ్బాలో వచ్చిన బిల్లు

బామ్మర్ది: నమస్కారం. మన ఆడియో కార్యక్రమంలో ఈ వారం విషయాన్ని పోయిన వారమే ప్రకటించాము గానీ, ఆనవాయితీ తప్పకూడదు కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. జూబ్లీహిల్స్ వైపు కొత్తగా తెరిచిన ఒక ఖరీదైన తెలుగు భోజన హోటలుకు మేము ముగ్గురమూ, మా డాక్టరు మిత్రుడూ కలిసి శనివారం రాత్రి వెళ్ళి వచ్చాము. హోటలు పేరు మాత్రం చెప్పము. ఈసారి బావ గొడుగు మర్చిపోలేదు.

బావ: గొడుగు ఊసు ఇప్పుడెందుకు?

బామ్మర్ది: మనం చెప్పకపోతే వినేవాళ్ళు అడుగుతారు బావా. తిండి సంగతి మీరే మొదలుపెట్టండి.

బావ: నేను ఉలవచారుతోనే మొదలుపెడతాను.

అక్క: అనుకున్నాను.

బావ: ఉగ్గుగిన్నె కన్నా చిన్నదైన ఇత్తడి గిన్నెలో రెండు చెంచాల ఉలవచారు పోసి, దాని మీద వెన్నతో సున్నా చుట్టి, పక్కన బొటనవేలంత గారె పెట్టి తెచ్చారు. మా ఊళ్ళో ఉలవలు ఉడకబెట్టేది ఎడ్ల కోసం. గింజలు ఎడ్ల దాణాలోకి పోయేవి, ఉడికిన నీళ్ళు మాకు మిగిలేవి, ఆ నీళ్ళలో చింతపండు పులుసు పోసి కుంపటి మీద గంటల తరబడి మరగనిస్తే సాయంత్రానికి చిక్కటి చారు అయ్యేది. ఎడ్లు తినగా మాకు మిగిలిన దానికి ఇప్పుడు 495 రూపాయలు అంటున్నారు.

అక్క: రుచి ఎలా ఉందో కూడా చెప్పండి.

బావ: రుచి బాగుంది, నా బాధంతా అదే.

అక్క: నాకు పొట్టిక్కలు నచ్చాయి. పనసాకులను పుల్లలతో కుట్టి, ఆ బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించడం కోనసీమ పద్ధతి, వీళ్ళు దానిని ఎక్కడా చెడగొట్టలేదు. ఆకు విప్పగానే వచ్చిన వాసనకు డాక్టరు గారు మాట్లాడటం ఆపేశారు. గోంగూర మాంసం ఫరవాలేదు, తీపి పదార్థాలు గుర్తుంచుకోదగినవి కావు. ఇక అసలు సంగతికి వద్దాము.

బామ్మర్ది: అసలు సంగతి తిండి కదా అక్కా?

అక్క: కాదు, బిల్లు.

బామ్మర్ది: దానిని పోపుల డబ్బాలో పెట్టి తెచ్చారని శ్రోతలకు చెప్పాలి. మూత తీస్తే ఒక గిన్నెలో సోంపు, ఒక గిన్నెలో పటికబెల్లం, మధ్య గిన్నెలో చుట్ట చుట్టిన బిల్లు ఉన్నాయి. ఆ మసక వెలుతురులో అంకెలు కనబడక అక్క ఫోను టార్చి వేసింది.

అక్క: వేశాను కాబట్టే కనబడింది. తిన్న వాటికి 12,000, సర్వీస్ ఛార్జీ పది శాతం లెక్కన 1,200, రెండూ కలిపిన 13,200 మీద అయిదు శాతం జీఎస్టీ 660, వెరసి 13,860 రూపాయలు. సర్వీస్ ఛార్జీ ప్రభుత్వ పన్ను కాదు, హోటలు తనకు తాను వేసుకున్నది, పైగా దాని మీద కూడా మన చేత పన్ను కట్టిస్తున్నారు. దానిని తీసేయమని నేను మర్యాదగానే అడిగాను.

బావ: నువ్వు మర్యాదగా అడిగావు, కానీ పక్క బల్లల వాళ్ళందరికీ వినబడేలా అడిగావు. డాక్టరు గారు సోంపు గింజలు ఒక్కొక్కటే లెక్కపెట్టి నోట్లో వేసుకోవడం మొదలుపెట్టారు. ఎంతో కాలానికి నలుగురం కలిసిన రాత్రి, 1,200 రూపాయల కోసం మేనేజరు వచ్చేదాకా పన్నెండు నిమిషాలు మూగవాళ్ళలా కూర్చున్నాము.

అక్క: హోటళ్ళు నమ్ముకునేది సరిగ్గా ఆ మొహమాటాన్నే. మీరు ఒక్కరే వెళ్ళి ఉంటే అడిగేవారు, స్నేహితుల ముందు పిసినారిగా కనబడతామని నలుగురిలో నోరు మెదపరు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ ఛార్జీని బిల్లులో దానంతట అదే కలపకూడదు, వేరే పేరు పెట్టి వసూలు చేయకూడదు, ఇవ్వనన్న వాళ్ళను లోపలికి రానివ్వకపోవడం కూడదు అని వాటిలో స్పష్టంగా ఉంది. హోటళ్ళ సంఘాలు కోర్టుకు వెళ్ళి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి, కానీ 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్లను కొట్టివేసి, రెండు సంఘాలకూ చెరొక లక్ష రూపాయల ఖర్చులు విధించింది.

బామ్మర్ది: దాని మీద అప్పీలుకు వెళ్ళారు కదా?

అక్క: వెళ్ళారు, వెళ్ళనీ. మనకు వడ్డించిన కుర్రవాడు నాతో ఏమన్నాడో నీకు గుర్తుందా? "మేడమ్, అది సిస్టమ్‌లో దానంతట అదే పడుతుంది" అన్నాడు. కూడదన్నది దానంతట అదే పడటాన్నే.

బావ: వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న 1915 నంబరుకు నువ్వు ఫోను చేస్తానన్నప్పుడు ఆ కుర్రవాడి ముఖం ఎలా అయిందో నువ్వు చూడలేదు, నేను చూశాను. ఆ ఉలవచారు గిన్నె తీస్తూ అతని చెయ్యి...

బామ్మర్ది: ఉలవచారు రెండవసారి. లెక్క రాసుకుంటున్నాను.

అక్క: నా కోపం అతని మీద కాదు, యాజమాన్యం మీద. వడ్డించే వాళ్ళకు జీతం పెంచకుండా, తేరగా మన జేబులో నుంచి...

బామ్మర్ది: ఆ "తేరగా" అన్న మాట వద్దక్కా.

అక్క: నిన్ను అనలేదురా.

బామ్మర్ది: నన్ను అనలేదని తెలుసు. కానీ హోటల్ మేనేజ్‌మెంట్ చదివి బయటికి వచ్చాక రెండేళ్ళు నేను అదే ట్రే పట్టుకున్నాను. మొదటి చోట సర్వీస్ ఛార్జీ అంతా నెలాఖరున ఒకచోట పోగుచేసి, ఒక్కొక్కరి హోదాను బట్టి ఇన్ని పాయింట్లని పంచేవాళ్ళు. బల్ల దగ్గర ఇచ్చే టిప్పు వడ్డించిన వాడికే పోతుంది, వెనకాల అంట్లు తోమే పెద్దాయన ముఖం ఎవరూ చూడరు, ఆయనకు కూడా వాటా అందేది ఈ పాయింట్లలోనే. రెండవ చోట కూడా పది శాతం వసూలు చేశారు, నేను పనిచేసిన ఎనిమిది నెలల్లో మాకు పైసా ముట్టలేదు. బిల్లు చూస్తే రెండు చోట్లా ఒకటే వరస ఉండేది.

(కాసేపు మౌనం)

అక్క: ఈ రెండవ చోటు సంగతి నువ్వు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

బామ్మర్ది: నాన్న వద్దన్న ఉద్యోగంలో చేరాను, ఏ ముఖం పెట్టుకొని చెప్పను?

అక్క: నువ్వు చెప్పినదే నా వాదన కూడా. ఆ డబ్బు ఏ చోటికి పోతుందో బిల్లు కట్టేవాడికి తెలియదు కాబట్టి, దానిని బిల్లులో కలపకుండా కట్టేవాడి ఇష్టానికి వదలాలి.

బామ్మర్ది: ఇష్టానికి వదిలితే అంట్లు తోమే ఆయన గుర్తురాడని నేను అంటున్నాను. ధరలోనే కలిపి, ఉలవచారు 545 అని రాసి, జీతాలు సరిగా ఇస్తే పోతుంది కదా.

బావ: 545! ఎడ్లకు ఉడకబెట్టిన నీళ్ళకు! చింతపండుతో కలిపి...

బామ్మర్ది: ఈసారి నేనే కదిలించాను కాబట్టి లెక్కలో వేయను.

అక్క: చివరికి మేనేజరు మారుమాట లేకుండా తీసేశాడు. 12,000 మీద అయిదు శాతం 600, మొత్తం 12,600, తలకు 3,150 రూపాయలు. అడిగితే తీసేసేదాన్ని అడగకముందు ఎందుకు వేశారో ఆయన చెప్పలేదు.

బావ: ఆ తలకు ఎంత అన్న లెక్కలో చిన్న తేడా ఉంది.

అక్క: ఏమి తేడా?

బావ: మేనేజరు వచ్చేలోపు ఆ మౌనం భరించలేక డాక్టరు గారు పాత బిల్లు ప్రకారం తన వాటా 3,465 రూపాయలు నా ఫోనుకు పంపేశారు. నేను కార్డుతో కొత్త బిల్లు కట్టాను. ఆయనవి 315 రూపాయలు నా దగ్గర మిగిలాయి.

అక్క: తిరిగి పంపారా?

బావ: పంపలేదు. మీరిద్దరూ కారు కోసం బయటికి వెళ్ళినప్పుడు, దానికి నా జేబులో నుంచి కొంత కలిపి అయిదు వందల నోటు ఆ కుర్రవాడి చేతిలో పెట్టాను.

బామ్మర్ది: డాక్టరు గారిని అడిగారా బావా?

బావ: అంత చిన్న మొత్తానికి అడగడం ఏమి బాగుంటుంది? ఆయన కాదనే మనిషి కాదు.

అక్క: ఆయన ముందు మాట కూడా అనకుండా, ఆయన డబ్బును, ఆయన కాదనడన్న ధీమాతో, మీ అంతట మీరే వడ్డించిన అబ్బాయికి ఇచ్చేశారు. ఆ డబ్బు ఏమైందో ఈ రోజుకీ ఆయనకు తెలియదు. ఇది దేనిలాగా ఉందో మీకు అర్థమవుతోందా?

బావ: నేను ఆయన డబ్బు మీద జీఎస్టీ వేయలేదు కదా.

బామ్మర్ది: (నవ్వు) బావా, డాక్టరు గారు ప్రతి వారం ఆసుపత్రికి వెళ్ళే దారిలో మన కార్యక్రమం వింటారు.

బావ: అయితే ఈ ముక్క తీసేయరా.

బామ్మర్ది: తీయను.

బావ: పోనీ, ఉలవచారు దగ్గర ఆపేయి.

అక్క: ముందు ఆ ఫోను ఇటివ్వండి, ఆ 315 నేను పంపిస్తాను. పాస్‌వర్డ్ ఎంత?